పాత పద్మినికి లోపలి పని, పాతిక వేలలో

మా మామయ్యగారి ప్రీమియర్ పద్మిని కారు 1984 మోడల్. ఆయన పోయాక ఆరేళ్లు తెనాలిలో ఇంటి వెనక రేకుల షెడ్డులోనే ఉండిపోయింది. ఇంజను పని ముందే చేయించాం కాబట్టి ఆ సంగతి ఇక్కడ రాయను. లోపలి సంగతే అసలు కథ. తలుపు తీస్తే తడిసిన గోనెసంచి వాసన. సీట్లలోంచి కొబ్బరిపీచు బయటికొచ్చింది, రూఫు గుడ్డ తలకి తగులుతోంది. డ్యాష్‌బోర్డు రేకు మీద ఎవరో ఎప్పుడో స్పాంజి పెట్టి అంటించిన రెక్సిన్ చిట్లి పెచ్చులు లేచింది. నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను, మెకానిక్‌ని కాను. మా ఆవిడ ఒక్కటే షరతు పెట్టింది: "పాతిక వేలు దాటిందంటే అమ్మేద్దామండీ."

చాలామంది మొదట సీట్ల దగ్గరికి పోతారు. నేనూ అంతే. విజయవాడ ఆటోనగర్‌లో సీటు మేస్త్రి బండి చూసి, డ్రైవరు పక్కన రబ్బరు మ్యాట్ ఎత్తి వేలితో నొక్కాడు. వేలు రేకులోకి దిగింది. "మాస్టారూ, ముందు నీళ్లు ఎక్కణ్ణుంచి దిగుతున్నాయో చూసుకుని రండి. ఇప్పుడు కుట్టిచ్చినా వానాకాలానికి మళ్లీ నా దగ్గరికే వస్తారు" అన్నాడు. చేతికొచ్చిన గిరాకీ వదులుకుని చెప్పిన మాట కదా, విన్నాను.

నీళ్ల పరీక్షకి ఇద్దరు కావాలి. ఒకరు లోపల టార్చితో, ఒకరు బయట పైపుతో. నీళ్లు కింది నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా పైకి రావాలి. ముందే పైన పోస్తే అంతా తడిసిపోయి ఎక్కడ కారుతోందో తెలియదు. ఒక్కో చోట రెండు నిమిషాలు ఆగాలి. మా అబ్బాయి లోపల వెల్లకిలా పడుకుని "నాన్నా, ఆగు ఆగు!" అన్నప్పుడు పైపు ముందు అద్దం ఎడమ మూల ఉంది. బీడింగ్ రబ్బరు ఎండిపోయి వేలు పట్టేంత ఖాళీ వచ్చింది. కొత్త బీడింగ్ వేయించాం. తలుపుల అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలు మట్టితో మూసుకుపోయి ఉంటాయి, వాటిని ఇనప తీగతో పొడిచి తెరవండి. మా బండిలో ఒక తలుపులోంచి అరగ్లాసు బురద వచ్చింది.

తర్వాత లోపల ఉన్నదంతా ఊడదీయడం. ముందు బ్యాటరీ వైరు తీసేయండి. ప్రతి భాగం ఊడదీసే ముందూ, తీశాకా ఫోన్‌తో ఫొటో తీయండి. ప్రతి వైరుకీ పేపరు టేపు చుట్టి పేరు రాయండి. స్క్రూలకి మా ఇంట్లో ఖాళీ ఆవకాయ డబ్బాలు పనికొచ్చాయి, ఒక్కో తలుపుకి ఒక్కో డబ్బా. ఎంత పాడైన భాగమైనా పని పూర్తయ్యేదాకా పారేయకండి. ఫియట్ 1100 డిలైట్‌గా 1964లో బొంబాయి కుర్లాలో మొదలై, 1974లో పద్మిని పేరు తెచ్చుకున్న బండి ఇది. ముంబయి రోడ్ల మీద ఈ టాక్సీల కాలం కూడా 2023 అక్టోబరుతో ముగిసింది. ఇంత పాత బండికి విడిభాగాలు తేలిగ్గా దొరకవు. విరిగిన క్లిప్పయినా సరే, కొత్తది చేయించుకోవాలంటే నమూనాగా అదే కావాలి.

నేల రేకు చిల్లులకి టింకరింగ్ షాపులో అతుకు వేయించాను. వెల్డింగ్ అంటే సీట్లు, ఫోము, గుడ్డ అన్నీ బయట ఉన్నప్పుడే. మిగతా తుప్పుని వైరు బ్రష్షుతో గీకి, తుప్పు మందు పూసి, రెడాక్సైడ్ ప్రైమరు రెండు పూతలు, పైన తారు పెయింటు వేశాను. మ్యాట్ కింద మాత్రం స్పాంజి, గోనె లాంటివి మళ్లీ పరవకండి. నీళ్లు పట్టి ఉంచి రేకుని తినేసేవి అవే.

ఇక డ్యాష్‌బోర్డు. దీని మీదే నాకు ఎక్కువ ఆదివారాలు పోయాయి. పాత రెక్సిన్ పీకేసి, గట్టిపడిన జిగురుని థిన్నరు గుడ్డతో తడిపి తీశాను. అద్దాలు దించుకుని చేయండి, ఆ వాసనకి తల తిరుగుతుంది. తర్వాత 220 నంబరు ఎమిరీ పేపరు, ప్రైమరు వేసి ఆరాక 400, చివర 800 నీళ్లతో. రంగు కలిపించుకోవడానికి పెయింటు షాపుకి గ్లవ్ బాక్స్ మూత పట్టుకెళ్లండి. మూత బయటి వైపు ఎండకి వెలిసిపోయి ఉంటుంది, లోపలి వైపు మాత్రం కంపెనీ వేసిన రంగు అలాగే ఉంటుంది. మెరిసే రంగు వద్దు, మ్యాట్ చెప్పండి. లేకపోతే మధ్యాహ్నం ఎండ డ్యాష్‌బోర్డు మీద పడి ముందు అద్దంలో మెరుస్తుంది.

నేను తొందరపడి నవంబరులో తుపాను ముసురు పట్టిన వారంలో స్ప్రే చేశాను. గాలిలో తేమకి పెయింటు మీద బూజు పట్టినట్టు తెల్లటి పొర వచ్చింది. మళ్లీ గీకి, సంక్రాంతి సెలవుల్లో పొడి ఎండ చూసి వేశాను. దాంతో ఒక డబ్బా పెయింటు దండగైంది.

మీటర్లు బిగించి తాళం తిప్పితే ఒక్క బల్బూ వెలగలేదు. టెన్షన్ పట్టుకుంది. వైర్లన్నీ మళ్లీ చూశాను, ఫ్యూజులు మార్చాను. గంటన్నర తర్వాత తెలిసింది. పాత రోజుల్లో మీటరు డబ్బా బిగించే స్క్రూల ద్వారానే ఎర్తింగ్ రేకుకి వెళ్లేది. నేను ఆ స్క్రూ రంధ్రాల చుట్టూ కూడా శుభ్రంగా పెయింటు కొట్టేశాను. రోజూ పిల్లలకి సర్క్యూట్ పూర్తి కాకపోతే కరెంటు పారదని చెప్పేవాణ్ణి! ఒక స్క్రూ కింద పెయింటు గీకి, భరోసాకి మీటరు డబ్బా నుంచి బాడీకి విడిగా ఒక వైరు వేశాను. అన్నీ వెలిగాయి. పాత బండిలో ఏ మీటరు పని చేయకపోయినా ముందు ఎర్తింగ్ చూడండి, కొత్త మీటరు కొనడం తర్వాత.

పెట్రోలు గేజీ కదలకపోతే దాని వెనక, ట్యాంకు నుంచి వచ్చే వైరు ఊడదీసి, ఆ చోటుని ఇంకో వైరు ముక్కతో ఒక్క క్షణం బాడీకి తాకించండి. ముల్లు కదిలితే గేజీ బాగానే ఉంది, తేడా ట్యాంకు వైపు. ఈ తాకించే పని ట్యాంకు దగ్గర మాత్రం చేయకండి, ఒక్క నిప్పురవ్వ చాలు. స్పీడోమీటరు ముల్లు వణుకుతుంటే చాలాసార్లు కేబులు ఎండిపోయి ఉంటుంది. లోపలి తీగ బయటికి లాగి, కిరసనాయిలుతో కడిగి, పల్చగా గ్రీజు పూయండి. మీటరు వైపు బెత్తెడు మేర మాత్రం పొడిగా వదలండి, లేకపోతే గ్రీజు పైకెక్కి మీటరులోకి పోతుంది. మీటర్లకి ఎల్ఈడీ బల్బులు వేసుకోవచ్చు గానీ, ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసే యంత్రం) ఉన్న బండిలో ఛార్జింగ్ ఎర్ర బల్బు మాత్రం పాతదే ఉంచండి. చాలా బళ్లలో ఆ బల్బులోంచి పారే కరెంటుతోనే ఆల్టర్నేటర్ పని మొదలుపెడుతుంది. అంకెల మీద స్పిరిట్ గానీ థిన్నరు గానీ తగలనీయకండి. మా బండి మీటరులో ఇప్పుడు 60 తర్వాత 8 వస్తుంది.

స్టీరింగ్ పగుళ్లని హాక్సా బ్లేడుతో కాస్త వెడల్పు చేసి, ఎం-సీల్ నింపి, మర్నాడు ఆకురాయితో నున్నగా చేసి నల్ల రంగు వేశాను. ఖర్చు వంద లోపే.

సీట్ల పని మేస్త్రిదే, కానీ విప్పడం నాది. కూలి అక్కడే తగ్గింది. పాత కవరు చింపకండి, కుట్లు బ్లేడుతో విప్పి ఒక్కో ముక్క మీద నంబరు రాయండి, కొత్తదానికి అదే కొలత. స్ప్రింగులు మార్చేద్దామా అంటే మేస్త్రి నవ్వాడు: "ఇంత గట్టివి ఇప్పుడు రావండి. వీటినే కట్టిద్దాం." రెండు స్ప్రింగులు విరిగితే తీగతో కట్టి, పైన గోనె బదులు మందపాటి ఫెల్టు వేశాడు. కూర్చునే చోట 40 డెన్సిటీ ఫోము, వీపుకి 32. డబ్బు మిగుల్చుకోవాలని ఫోము దగ్గర తగ్గకండి, ఏడాదికే గుంట పడుతుంది. దారం నైలాన్‌ది కావాలి. కుట్టు మరీ దగ్గరగా వేస్తే సూది రంధ్రాల వరసకి రెక్సిన్ స్టాంపు చిరిగినట్టు చిరుగుతుంది. కవరు తొడిగే ముందు అరగంట ఎండలో పెడితే సాగి ముడతలు పడకుండా కూర్చుంటుంది.

రెక్సిన్ మొత్తం ఒకేసారి, ఒకే రోల్ నుంచి కొనండి. నేను లెక్క తప్పి ముందు 6 మీటర్లు, నెల తర్వాత 3 మీటర్లు తెచ్చాను. షాపతను అదే రంగన్నాడు. ఎండలో పెడితే ఒకటి కాఫీ, ఒకటి బూస్ట్. రెండోదాన్ని తలుపులకి వాడేశాం, చూసినవాళ్లు కావాలనే అలా చేయించామనుకుంటున్నారు.

తలుపు అట్టలు ఉబ్బిపోయి ఉంటే పాతదాన్ని 3 మి.మీ. హార్డ్ బోర్డు మీద పెట్టి గీసి కోసుకోవచ్చు. అంచులకీ వెనక వైపుకీ వార్నిష్, తలుపుకీ అట్టకీ మధ్య పాలిథీన్ షీటు తప్పనిసరి. రెక్సిన్ అంటించే రబ్బరు జిగురుని రెండు వైపులా పూసి, చేతికి అంటుకోనంత ఆరాక అదమాలి. తడిగా ఉండగా అంటిస్తే మే నెలలో ఊడిపోతుంది. రూఫు గుడ్డ మాత్రం నేను ముట్టుకోలేదు, కూలి ఇచ్చి వేయించాను. ఒక్క ముడత పడినా జీవితాంతం తల మీదే కనిపిస్తుంది.

లెక్క ఇది: రెక్సిన్ 3,150, ఫోము 4,200, సీట్ల కూలి 5,500, రూఫు గుడ్డ కూలితో 3,500, వెల్డింగ్ 2,500, పెయింటు సామాను 2,100, బీడింగ్ 1,400, వైర్లు బల్బులు 950, హార్డ్ బోర్డు, జిగురు, చిల్లర 1,300. మొత్తం 24,600. బండి అమ్మలేదు.

చివరగా ఒకటి. సీట్లకి మెరుపు పాలిష్ పూయకండి. ముందు సీటు బెంచీలా పొడుగ్గా ఉంటుందాయె. మొదటి ఆదివారం మోరిస్‌పేటలో ఎడమకి తిప్పేసరికి మా ఆవిడ ఆ చివర్నుంచి కూరగాయల సంచీతో సహా నా మీదకి జారింది. ఇంటికి రాగానే సబ్బు నీళ్లతో కడిగించింది.