సామూహిక గాయక బృందాన్ని ఎలా ప్రారంభించాలి?

గాయక బృందాన్ని స్థాపించదలచినవారు ముందుగా తేల్చుకోవలసినది, అందులో ఎవరిని చేర్చుకోవాలన్న విషయం. గొంతు పరీక్షించి సభ్యులను ఎంచుకొనే బృందానికి త్వరగా పేరు రావచ్చు. కాని అందరిదీ అనిపించుకోవలసిన బృందం, అడిగిన ప్రతివారినీ పరీక్ష లేకుండా చేర్చుకోవాలి. తమకు పాట రాదని వెనుకాడేవారిలో కొందరికి అసలు ఇబ్బంది, తమ గొంతుకు సరిపడని శ్రుతిలో పాడవలసి రావడమే.

వారానికి ఒక రోజు, మారని సమయం, గంటన్నర సాధన, మధ్యలో కొద్దిపాటి విరామం ఉంటే చాలు. స్వల్ప సభ్యత్వ రుసుము పెట్టి, లెక్కలను ఇద్దరికి అప్పగించాలి. సాధన నడిపే వ్యక్తి గొప్ప గాయకుడు కానక్కరలేదు. ఎవరు ఎక్కడ శ్రుతి తప్పారో వినగలిగి, వారిని నలుగురిలో చిన్నబుచ్చకుండా సరిదిద్దగల ఓర్పు ఉండాలి.

ప్రతి సాధననూ పది నిమిషాల గొంతు సవరింపుతో మొదలుపెట్టాలి. పెదవులు మూసి మెల్లగా ‘మ్’ అనే నాదం చేయించి, ఆపైన మధ్యస్థాయి స్వరాలకు, చివరగా తారస్థాయికి వెళ్లాలి. 2013లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, కలిసి పాడేవారి గుండె వేగం ఒకే తీరున పెరిగి తగ్గుతుందని, పాట వారి శ్వాసను ఒకే క్రమంలోకి తేవడమే అందుకు కారణమని గమనించారు. కాబట్టి ఎక్కడ ఊపిరి తీసుకోవాలో సాహిత్యపు కాగితంపై గుర్తులు పెట్టించడం చిన్న పనిగా చూడకూడదు. దీర్ఘంగా సాగే చరణాలలో మాత్రం పక్కపక్కనున్నవారు వేర్వేరు చోట్ల ఊపిరి తీసుకొంటే నాదం తెగదు.

తొలి వారాలలో అందరూ ఒకే బాణీని పాడాలి. నాలుగు జట్లు నాలుగు వేర్వేరు బాణీలను ఒకేసారి పాడే పాటతో ఆరంభించాలన్న ఆత్రం ఎన్నో కొత్త బృందాలను దెబ్బతీస్తుందని నా నమ్మకం. బాణీ కుదిరాక, ఒక జట్టు మొదలుపెట్టిన పాటనే రెండవ జట్టు ఒక పాదం ఆలస్యంగా అందుకొనే పద్ధతిని అభ్యసించాలి. కొత్త బాణీ నేర్వకుండానే, పక్కవారు వేరే స్వరం పాడుతున్నా తన స్వరాన్ని నిలుపుకోవడం దీనివల్ల అలవడుతుంది. ఇందుకు తగిన పాటనే ఎంచుకోవాలి, ఎందుకంటే అన్ని బాణీలూ ఇలా ఒకదానిపై ఒకటి అమరవు.

ఆ తరువాతే గొంతులను విభజించాలి. సొప్రానో (స్త్రీల హెచ్చు గొంతు), ఆల్టో (స్త్రీల తగ్గు గొంతు), టెనర్ (పురుషుల హెచ్చు గొంతు), బేస్ (పురుషుల తగ్గు గొంతు) అనే నాలుగు విభాగాలు ప్రసిద్ధమే అయినా, పురుషులు తక్కువగా ఉన్నచోట వారందరినీ ఒకే విభాగంగా ఉంచి మూడు గళాలకు కూర్చిన పాటలు ఎంచుకోవడం మేలు. పక్కవారి గొంతు వినబడకపోతే తాను మరీ గట్టిగా పాడుతున్నానని ప్రతి సభ్యుడూ గ్రహించాలి. వాద్యం లేకుండా పాడేటప్పుడు పాట ముగిసేసరికి శ్రుతి దిగజారడం సాధారణం. కనుక చివరి స్వరాన్ని శ్రుతిపెట్టెతో సరిచూసుకోవాలి. అవరోహణలో స్వరాలను అవసరానికి మించి కిందికి జార్చడం, ఊపిరి సన్నగిల్లడం దీనికి తరచుగా కనబడే కారణాలు.

కొన్ని వారాలకు హాజరు పలచబడవచ్చు. అప్పుడు నియమాలు కఠినం చేయడం కంటే, రానివారిని స్వయంగా పలకరించడం ఎక్కువ ఫలిస్తుంది. కాగితం చూడకుండా పాడగల మూడు నాలుగు పాటలు సిద్ధం కాగానే, సభ్యుల కుటుంబాల ముందు తొలి ప్రదర్శన ఇవ్వాలి. హక్కులున్న పాటలైతే ముందే అనుమతి తీసుకోవాలి. ప్రదర్శన విని చేరాలనుకొన్నవారిని ఆ మరుసటి సాధనకే పిలిచి, పాటలు బాగా తెలిసిన సభ్యుల పక్కన ఒక్కొక్కరిని కూర్చోబెట్టాలి.