మన పెట్టెకు అనుమతి, 3వ పాఠం: టెస్ట్ రిపోర్టు మనమే చదవడం

పోయిన పాఠం చివర ఇంటిపని ఇచ్చాను: మీ పెట్టెలో గాల్లోకి సిగ్నల్ వదిలే భాగాలన్నీ ఒక కాగితం మీద రాయమని. లోరా మాడ్యూల్ (తక్కువ కరెంటుతో దూరానికి చిన్న చిన్న కబుర్లు పంపే రేడియో భాగం) ఒక్కటే రాసి ఆపేశారా? అయితే బోర్డు మీదున్న కంట్రోలర్ చిప్పును ఇంకోసారి చూడండి. ఇప్పుడొచ్చే చవక చిప్పుల్లో వైఫై, బ్లూటూత్ రెండూ కలిసే వస్తున్నాయి. రైతు ఫోనులోంచి సెట్టింగు మార్చుకోవడానికి మీరు బ్లూటూత్ తెరిచి ఉంటే అది రెండో రేడియో. దానికీ రిపోర్టు కావాలి, దరఖాస్తులో దానికీ చోటు కావాలి.

మన నమూనా పెట్టె మొదటి పాఠం నుంచీ ఒకటే. చిత్తూరు పక్కన మామిడి తోట, తోట మధ్యలో బోరు, బోరు స్టార్టరు పక్కన మన పెట్టె. కరెంటు వచ్చిందా, మోటరు తిరుగుతోందా, నేల తడిగా ఉందా అన్న కబురు కిలోమీటరు దూరంలో ఉన్న ఇంటి మిద్దె మీది గేట్‌వేకు, అంటే కబురు అందుకునే పెట్టెకు, అందాలి. ఈ రెంటినీ అమ్మాలంటే ముందుగా కావలసింది ఈటీఏ, అంటే ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్. టెలికం శాఖలో రేడియో ఫ్రీక్వెన్సీల వ్యవహారం చూసే డబ్ల్యూపీసీ విభాగం దీన్ని ఇస్తుంది. దరఖాస్తు ఆ శాఖ వాళ్ల సరళ్ సంచార్ పోర్టల్‌లో పెట్టాలి.

లైసెన్సు అక్కర్లేని బ్యాండ్లలో పనిచేసే చాలా రకాల పరికరాలకు 2019 నుంచి ఈ ఈటీఏ స్వీయ ప్రకటన మీదే వస్తోంది. ఇది విని సంబరపడేవాళ్లే ఎక్కువ. నాకైతే అప్పుడే టెన్షన్ మొదలైంది. ఇదివరకు ఒక ఆఫీసరు కాగితాలు తిరగేసి తప్పు పట్టుకునేవాడు. ఇప్పుడు "నా పెట్టె నిబంధనల్లోనే ఉంది" అని సంతకం చేసేది మనం, లేదని తర్వాత తేలితే జవాబు చెప్పుకోవాల్సిందీ మనమే. ల్యాబ్ ఇచ్చిన రిపోర్టు పదుల పేజీలుంటుంది. దాన్ని చదవకుండా అప్‌లోడ్ చేయడమంటే చదవని పత్రం మీద వేలిముద్ర వేయడమే.

అన్ని పేజీలూ చదవక్కర్లేదు. పెన్సిల్ తీసుకుని నేను చెప్పిన చోట్ల గుండ్రంగా గీయండి.

మొదట ఫ్రీక్వెన్సీ పట్టిక. మన దేశంలో లోరా లాంటి చిన్న పరికరాలకు లైసెన్సు లేకుండా వదిలిన చోటు 865 నుంచి 868 మెగాహెర్ట్జ్. 2005లో ఇచ్చినప్పుడు 867 దాకానే ఉండేది, 2021 నిబంధనలతో ఇంకో మెగాహెర్ట్జ్ కలిసింది. మీ రిపోర్టులో పరీక్షించిన కింది ఛానెల్, మధ్య ఛానెల్, పై ఛానెల్ మూడూ ఈ హద్దుల్లోనే ఉండాలి.

ఇక్కడ రెండు గుంటలున్నాయి. మొదటిదాంట్లో నేనే పడ్డాను. ఆన్‌లైన్లో చవగ్గా దొరికాయని 915 మెగాహెర్ట్జ్ మాడ్యూళ్లు తెప్పించాను. అవి అమెరికా కోసం చేసినవి, అక్కడ 902 నుంచి 928 దాకా స్వేచ్ఛ. మన దగ్గర 890 నుంచి 915 దాకా మొబైల్ ఫోన్లు టవర్‌తో మాట్లాడే దారి. బోర్డు తయారైంది, తోటలో పెడితే కబురు చక్కగా వచ్చింది, మురిసిపోయాం. తీరా బోర్డుల్ని సంచిలో వేసుకుని బస్సెక్కాక, నగరి దాటుతుండగా, ఊరికే డేటాషీట్ తిరగేస్తుంటే తెలిసింది. అంతకు ముందొచ్చే పుత్తూరులో తెలిసి ఉంటే అక్కడే దిగేవాణ్ణి. చెన్నై దాకా వెళ్లి, ల్యాబ్ వాళ్ల చేత మర్యాదగా కాదనిపించుకుని తిరిగొచ్చాను. తప్పు పూర్తిగా నాదే.

రెండో గుంట ఇంకా లోతు, ఎందుకంటే కంటికి కనపడదు. యూరప్ కోసం చేసిన మాడ్యూల్ మీద 868 అని అచ్చేసి ఉంటుంది. మన బ్యాండ్ 868 దాకా ఉంది కదా అనుకుంటాం. కానీ యూరప్ లోరావాన్ (లోరా పరికరాలు గేట్‌వేతో మాట్లాడే పద్ధతి) సెట్టింగులో ముందుగా వచ్చే ఛానెళ్లు 868.1, 868.3, 868.5. మూడూ మన గట్టు అవతలే. మాడ్యూల్ చిప్పు 865లో కూడా పనిచేస్తుంది కాబట్టి పారేయక్కర్లేదు, ఫర్మ్‌వేర్‌లో, అంటే చిప్పులో నడిచే ప్రోగ్రాములో, ప్రాంతాన్ని మన దేశపు సెట్టింగు ఐఎన్865కు మార్చాలి. అప్పుడు మొదటి మూడు ఛానెళ్లు 865.0625, 865.4025, 865.985 అవుతాయి. ఈ మార్పు ల్యాబ్‌కు వెళ్లేముందే చేయండి. రిపోర్టు యూరప్ ఛానెళ్లతో వచ్చిందంటే మళ్లీ డబ్బు, మళ్లీ బస్సు.

తర్వాత బ్యాండ్‌విడ్త్, అంటే సిగ్నల్ ఆక్రమించే వెడల్పు. నిబంధన 200 కిలోహెర్ట్జ్ మించొద్దంటుంది. లోరాలో 125, 250, 500 అని మూడు మామూలు సెట్టింగులుంటాయి. 125 ఒక్కటే మనకు పనికొస్తుంది. వేగం కోసం కుర్రాళ్లు 250 పెడతారు, పెట్టనీయకండి.

ఇప్పుడు బలం లెక్క. కొంచెం నిదానంగా చదవండి. క్యాలిక్యులేటరు పక్కన పెట్టుకోండి.

మన బ్యాండ్‌లో ట్రాన్స్‌మిటర్ బలం 1 వాట్ మించకూడదు, యాంటెనాతో కలిపి బయటికి పోయే బలం, అంటే ఈఆర్‌పీ, 4 వాట్లు మించకూడదు. రెండూ వేరు వేరు షరతులు, రెండూ నెగ్గాలి. రిపోర్టులో బలం వాట్లలో ఉండదు, డీబీఎంలో ఉంటుంది. గుర్తుంచుకోవడానికి ఒకటే సూత్రం: 0 డీబీఎం అంటే 1 మిల్లీవాట్, 10 కలిపితే పదింతలు, 3 కలిపితే దాదాపు రెండింతలు. కాబట్టి 30 డీబీఎం అంటే 1 వాట్, 36 డీబీఎం అంటే 4 వాట్లు.

బోరు దగ్గరి పెట్టెను చూద్దాం. ట్రాన్స్‌మిటర్ 14 డీబీఎం, యాంటెనా లాభం, అంటే అది సిగ్నల్‌ను ఒక వైపుకు ఎంత పోగుచేస్తుందన్న కొలత, 2 డీబీఐ. కలిపితే 16. దీన్ని ఈఐఆర్‌పీ అంటారు. ఈఆర్‌పీ కావాలంటే ఇందులోంచి 2.15 తీసేయాలి, ఎందుకంటే ఈఆర్‌పీని మామూలు డైపోల్ యాంటెనాతో పోల్చి కొలుస్తారు. 13.85 వచ్చింది. హద్దు 36. ఎంతో కిందుగా ఉంది.

మిద్దె మీది గేట్‌వే: ట్రాన్స్‌మిటర్ 27 డీబీఎం, గొట్టంలాంటి ఫైబర్ యాంటెనా 8 డీబీఐ, కేబుల్లో పోయేది 1 డీబీ. 27కు 8 కలిపి 1 తీస్తే 34. అందులోంచి 2.15 తీస్తే 31.85, అంటే సుమారు 1.5 వాట్లు. ఇదీ సరిపోయింది.

ఇప్పుడు ఒక పెద్దాయన వచ్చి, "మా తోట కొండ పక్కన బాబూ, సిగ్నల్ అందడంలా, గట్టిది పెట్టు" అంటాడు. మీరు 30 డీబీఎం మాడ్యూల్ పెట్టి, 10 డీబీఐ యాగీ యాంటెనా తగిలిస్తారు. ట్రాన్స్‌మిటర్ సరిగ్గా 1 వాట్, మొదటి షరతు నెగ్గింది. మొత్తం 40, అందులోంచి 2.15 తీస్తే 37.85, అంటే 6 వాట్లు దాటింది. రెండో షరతు తప్పింది. ఆ పెద్దాయనకు బలం పెంచడం కన్నా గేట్‌వేను ఇంకో పది అడుగులు పైకెత్తడం మేలని చెప్పండి. నా అనుభవంలో అదే ఎక్కువసార్లు పనిచేసింది.

వైఫై, బ్లూటూత్ ఉండే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు నిబంధన వేరే ఉంది. అక్కడి హద్దు ఈఆర్‌పీలో చెప్పారో ఈఐఆర్‌పీలో చెప్పారో ముందు చూసుకోండి. ఈఐఆర్‌పీలో చెప్పి ఉంటే 2.15 తీయకండి.

ఇక స్ప్యూరియస్ ఎమిషన్లని, అంటే మన బ్యాండ్ బయట అనుకోకుండా వెలువడే సిగ్నళ్లని, ఒక పట్టిక ఉంటుంది, గీతలు పైకీ కిందికీ ఎగురుతుంటాయి. చాలామంది తిప్పేసే పేజీ ఇది. మన 865.4 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌కు రెట్టింపు దగ్గర ఒక నీడ పడుతుంది: 1730.8. ఆ చోటు 1800 బ్యాండ్‌లో ఫోన్లు టవర్‌కు మాట్లాడే 1710–1785 మధ్యలో ఉంది. ఎక్కడో ఉన్న ఫోను గొంతు వినడానికి టవర్ చెవులు రిక్కించుకుని ఉంటే, దాని కిందే మన పెట్టె గుసగుసలాడుతుందన్నమాట. మన ప్రాంతం వాళ్లకు ఇంకో పోలిక చెప్తాను. గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే ఎంఎస్‌టీ రాడార్ ఉంది. వెయ్యికి పైగా యాంటెనాలతో ఆకాశంలోకి సిగ్నల్ పంపి, గాలి పొరల నుంచి తిరిగొచ్చే సన్నటి ప్రతిధ్వనిని వింటుంది. పెట్టెకు కరెంటిచ్చే నాసిరకం అడాప్టర్లు చేసే విద్యుత్ చప్పుడు కొన్నిసార్లు ఆ ఫ్రీక్వెన్సీల దాకా పాకుతుంది. అడాప్టర్ సంగతి ఈఎంసీ (ఒక పరికరం చప్పుడు ఇంకోదానికి అడ్డు రాకుండా చూసే పరీక్ష) పాఠంలో వివరంగా వస్తుంది. ఇప్పటికి, పట్టికలో కొలత గీత హద్దు గీతను ఎక్కడా తాకలేదని, రెట్టింపు, మూడింతల ఫ్రీక్వెన్సీల దగ్గర కూడా కొలిచారని చూసుకోండి.

ఇంతా చేసి దరఖాస్తు ఎక్కడ ఆగుతుందో తెలుసా? పేరు దగ్గర. రిపోర్టులో మోడల్ పేరు "ఎంటీ-01", డేటాషీట్‌లో "ఎంటీ01", పెట్టె మీద స్టిక్కర్‌లో "ఎంటీ-01ఏ". మనకు మూడూ ఒకటే. కాగితం ముందు మూడు వేరు పరికరాలు. గీత, చుక్క, అక్షరం తేడా లేకుండా అన్నిచోట్లా ఒకే పేరుండాలి. కంపెనీ పేరూ అంతే, జీఎస్టీ కాగితంలో ఎలా ఉంటే అలాగే. రిపోర్టు ఇచ్చిన ల్యాబ్‌కు ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లను పరీక్షించి గుర్తించే జాతీయ బోర్డు) లాంటి గుర్తింపు ఉందో లేదో, ఆ గుర్తింపు రేడియో పరీక్షలకు కూడా వర్తిస్తుందో లేదో డబ్బు కట్టకముందే అడగండి. మాడ్యూల్ అమ్మినవాడు అమెరికా రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ సర్టిఫికెట్ చూపించి "అన్నీ ఉన్నాయి సార్" అంటే నవ్వి ఊరుకోండి. అది ఈటీఏకు బదులు కాదు.

ఈటీఏ చేతికొచ్చినా పని అయిపోయినట్టు కాదని మొదటి పాఠంలో చెప్పుకున్నాం. టెలికం శాఖలోని సాంకేతిక కేంద్రం టీఈసీ వాళ్ల ఎంటీసీటీఈ, అంటే టెలికం పరికరాలకు తప్పనిసరి పరీక్షల సర్టిఫికెట్, వేరే తలుపు. దాన్ని ఐదో పాఠంలో తడదాం.

ఇంటిపని. ఒక రిపోర్టులో ఇలా ఉంది: ఫ్రీక్వెన్సీ 865.0625 నుంచి 866.5, బ్యాండ్‌విడ్త్ 125 కిలోహెర్ట్జ్, ట్రాన్స్‌మిటర్ 22 డీబీఎం, పరీక్షించిన యాంటెనా 3 డీబీఐ స్ప్రింగ్. అమ్మే డబ్బాలో మాత్రం 12 డీబీఐ యాంటెనా పెట్టి ఇస్తున్నారు. కేబుల్ నష్టం లేదనుకుని ఈఆర్‌పీ లెక్క కట్టండి. హద్దులోనే ఉందా? ఉంటే, ఆ రిపోర్టుతో ఈ డబ్బాకు మీరు సంతకం పెడతారా? జవాబు నాలుగో పాఠం మొదట్లో.