గర్భిణులు తాగే నీటిని పరీక్షించుకోవడం, శుద్ధి చేసుకోవడం ఎలా?

పుట్టినప్పుడు 2,500 గ్రాముల కంటే తక్కువ తూగితే శిశువు తక్కువ బరువుతో పుట్టినట్లు లెక్క. దీనికి కారణాలు అనేకం. మాయను (ప్లాసెంటాను) దాటి శిశువును చేరగల ఆర్సెనిక్, సీసం వంటివి తాగునీటిలో ఉండటం వాటిలో ఒకటి.

బావి లేదా బోరు నీరు వాడేవారు గర్భం దాల్చక ముందే, కుదరకపోతే తెలిసిన వెంటనే, ఆ నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. ఆర్సెనిక్, సీసం, నైట్రేట్ పరీక్షలను పేరు చెప్పి మరీ అడగాలి. టీడీఎస్ మీటరు కరిగిన లవణాల మొత్తాన్ని మాత్రమే అంచనా వేస్తుంది గనుక, అది తక్కువ అంకె చూపినంత మాత్రాన నీరు సురక్షితమని భావించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితులు లీటరుకు ఆర్సెనిక్‌ 10 మైక్రోగ్రాములు, సీసం 10 మైక్రోగ్రాములు, నైట్రేట్ 50 మిల్లీగ్రాములు.

చాలామంది పొరబడేది మరిగించడం దగ్గరే. మరిగిస్తే సూక్ష్మక్రిములు చస్తాయి కానీ, ఈ మూడూ పోకపోగా, నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో వాటి గాఢత పెరుగుతుంది. సక్రమంగా నిర్వహించే ఆర్‌ఓ యంత్రం వీటిని బాగా తగ్గిస్తుంది. నీటిలో కలిపే క్లోరిన్ వల్ల ఏర్పడే ట్రైహాలోమీథేన్లనే రసాయనాలను తగ్గించడానికి కార్బన్ ఫిల్టరు ఉపయోగపడుతుంది, నైట్రేట్‌ను తగ్గించడానికి మాత్రం కాదు.

పాత సీసపు గొట్టాలున్న ఇంట్లో, రాత్రంతా నిలిచిన నీటిని కాసేపు వదిలేసి, తాగడానికీ వంటకూ చన్నీటి కుళాయినే వాడాలి. పరీక్షలో సీసం ఎక్కువని తేలితే వైద్యులకు నివేదిక చూపి, రక్తపరీక్ష అవసరమేమో అడగాలి; భయంతో నీరు తాగడం మాత్రం తగ్గించకూడదు.