వాడలో దవాఖాన నిధి పెట్టుకోవాలంటే ముందు సేవాగ్రాం జొన్నల కథ తెలుసుకోండి

మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరోంచ వైపు రాత్రిపూట ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే ఇంటిల్లిపాదీ ముందు వెతికేది బండి కిరాయికి పైసలు. జిల్లా కేంద్రం గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్లు, అందుకే చాలామంది గోదావరి వంతెన దాటి కాళేశ్వరం మీదుగా వరంగల్ దారి పడతారు. "సర్కారు ఉచిత వైద్యం కార్డు ఉంది కదా" అంటారు చూడండి, నాకు అక్కడే ఒళ్లు మండుతుంది. కార్డు అక్కరకొచ్చేది దవాఖానలో పడక దొరికాక. ఆ పడక దాకా చేరడానికి, అడ్మిట్ చేయకుండా రాసిచ్చే పరీక్షలకు, వెంట వెళ్లిన ఇద్దరి తిండికి, పోయిన కూలికి ఆ కార్డు ఒక్క రూపాయి ఇవ్వదు. ఆ ఖాళీని పూడ్చుకోవడానికే వాడలోని ఇళ్లన్నీ కలిసి పోగు చేసుకునే వాడ నిధి. మా బచత్ గట్‌లో (పొదుపు సంఘంలో) లెక్కలు రాసేది నేనే కాబట్టి, ఎలా పెట్టుకోవాలో, మేం ఎక్కడ బోర్లా పడ్డామో చెబుతాను.

ముందు జొన్నల కథ. మన విదర్భలోనే, వర్ధా దగ్గర సేవాగ్రాంలో కస్తూర్బా ఆసుపత్రి ఉంది. గాంధీగారికి వైద్యం చేసిన డాక్టర్ సుశీలా నయ్యర్ 1969లో అక్కడే మెడికల్ కాలేజీ పెట్టారు. ఆ కాలేజీ డాక్టర్ ఉల్హాస్ జాజూ, ఆయన తోటివాళ్లు చుట్టుపక్కల ఊళ్లు తిరిగి, 1980ల తొలినాళ్లకే ఒక పద్ధతి నడిపించారు. పంట చేతికొచ్చినప్పుడు ఇంటింటి నుంచీ జొన్నలు వసూలు చేయడం, భూమి ఎక్కువ ఉన్నవాళ్ల దగ్గర ఎక్కువ, కూలివాళ్ల దగ్గర తక్కువ. ఊళ్లో ఎక్కువమంది చేరితేనే ఆ ఊరికి పథకం. అనుకోకుండా వచ్చిన జబ్బుకు ఆసుపత్రిలో ఉచితం, హెర్నియా, కంటి శుక్లం లాంటి ముందే తెలిసే వాటికి మాత్రం బిల్లులో కొంత వాళ్లే కట్టుకోవాలి. లాభం కోసం పెట్టింది కాదు, పెద్ద కంపెనీ ఏమీ లేదు, ఊళ్లో జొన్నలూ ఆసుపత్రి మంచాలూ తప్ప.

ఇలాంటిదే అమెరికాలో 1929లో డాలస్ ఊళ్లో జరిగింది. బేలర్ ఆసుపత్రి బాధ్యతలు చూస్తున్న జస్టిన్ కింబల్ అంతకుముందు అక్కడి బడులకు పెద్ద అధికారి. ఆసుపత్రికి రావాల్సిన బాకీల్లో టీచర్ల పేర్లు చాలా కనిపించాయట. నెలకు 50 సెంట్లు కట్టండి, ఏడాదిలో 21 రోజుల దాకా ఆసుపత్రిలో ఉంచుకుంటాం అన్నాడు. ఆ చిన్న ఏర్పాటు నుంచే తర్వాత బ్లూ క్రాస్ అనే లాభాపేక్ష లేని ప్రాంతీయ సంస్థలు పుట్టాయి. వాళ్లకు నెల జీతాలు, సేవాగ్రాంలో జొన్న కోతలు. మనకేమిటంటారా, అడవిలో కోసే బీడీ ఆకు, అదే తునికాకు పైసలు.

అంటే మొదటి పని, వసూలు రోజు సరిగ్గా పెట్టుకోవడం. ప్రతి నెలా ఇరవై రూపాయలు అడిగితే ఆషాఢం, శ్రావణం వచ్చేసరికి ఒక్కరూ ఇవ్వరు, అడగడానికి వెళ్లిన అక్క మొహం చూడగానే తలుపులు వేసుకుంటారు (నిజంగానే వేసుకున్నారు). తునికాకు డబ్బు చేతికొచ్చిన వారంలోనో, తెలంగాణకు మిర్చి ఏరడానికి వెళ్లినవాళ్లు తిరిగొచ్చినప్పుడో, పత్తి అమ్మిన రోజుల్లోనో ఏడాది మొత్తం ఒకేసారి తీసుకోండి. వడ్లు ఇస్తామన్నా తీసుకోండి, అమ్మి జమ చేస్తే పోయె.

రెండోది, ఎవరు ఎప్పుడు చేరాలి. మేం దెబ్బతిన్నది ఇక్కడే. మొదటి ఏడాది ఎవరు ఎప్పుడు వచ్చినా చేర్చుకున్నాం. శ్రావణంలో ఒకావిడ చేరింది, వినాయక చవితి వెళ్లీ వెళ్లగానే గర్భసంచి ఆపరేషన్. ఆమె తప్పేం లేదు, మా తెలివే అంత. ఆమెకిచ్చాక ఇంకో ఇద్దరు వచ్చారు, వాళ్లవీ ముందే తెలిసిన ఆపరేషన్లే. 41 ఇళ్ల నుంచి 200 చొప్పున వచ్చిన 8,200లో దీపావళికి డబ్బాలో 340 మిగిలాయి. "నా పైసలు నాకియ్యి బిడ్డా, నాకేం రోగం రాలే కదా" అని ఒక పెద్దమ్మ రోజూ మా గడపలో కూర్చునేది. ఆమెకు నేనేం చెప్పాలి? అందుకే ఇప్పుడు చేరడానికి ఏడాదికి ఒకే నెల, చేరాక రెండు నెలలు సాయం రాదు, ముందే తెలిసిన ఆపరేషన్‌కు సగమే. మనిషి మనిషిగా కాకుండా ఇంటి మొత్తాన్నీ చేర్చండి, లేకపోతే ప్రతి ఇంట్లోనూ జబ్బు మనిషి పేరొక్కటే రాయిస్తారు.

ఎంత కట్టాలనేది గొడవల్లోకెల్లా పెద్ద గొడవ. మేం ఇప్పుడు చేనున్న ఇంటికి 500, కూలి ఇంటికి 200 పెట్టాం. చేనున్న ఇళ్లు 21, కూలి ఇళ్లు 37, మొత్తం 17,900. "మాకెందుకు ఎక్కువ" అని మొదట్లో రెండు వారాలు నడిచింది, సేవాగ్రాం సంగతి చెప్పాక కొంత చల్లబడ్డారు, పూర్తిగా కాదనుకోండి. ఒకసారి పెట్టిన మొత్తాన్ని అమాంతం పెంచొద్దు. కర్ణాటకలో 2003లో సహకార సంఘాల రైతుల కోసం యశస్విని ట్రస్టు మొదలైనప్పుడు మనిషికి ఏడాదికి 60 రూపాయలే, ఆపరేషన్లకు మాత్రమే, తొలి ఏడాదే దాదాపు 16 లక్షల మంది చేరారు. తర్వాత దాన్ని 120 చేసేసరికి చేరేవాళ్లు బాగా తగ్గారు. ప్రభుత్వం చేయి వేసిన పథకానికే అట్లయితే మన డబ్బా ఎంత?

దేనికిస్తారో కాగితం మీద రాసి, చదవడం రానివాళ్లకు చదివి వినిపించండి. మేం బండికి 1,500 దాకా, పరీక్షలకు 1,000 దాకా, పక్కనున్నవాళ్ల తిండికి రోజుకు 150 చొప్పున ఐదు రోజులు ఇస్తాం. ఏ ఇంటికైనా ఏడాదిలో 3,000 దాటదు. కాన్పుకు బండి ఇవ్వం, ఎందుకంటే గర్భిణులకు సర్కారు దవాఖానకు తీసుకెళ్లే బండీ, కాన్పూ, మందులూ జననీ శిశు సురక్ష కింద 2011 నుంచి ఉచితమే, ఊళ్లో ఆరోగ్య కార్యకర్త ఆశా తాయికి ఫోన్ చేస్తే చాలు. వసూలైన మొత్తంలో నాలుగో వంతు ముట్టుకోకుండా వచ్చే ఏడాదికి ఉంచండి.

ఇక జాగ్రత్త. దీన్ని ఎక్కడా ఇన్సూరెన్స్ అనకండి, రశీదు మీద అసలే రాయకండి. ఇంత కడితే ఇంత కచ్చితంగా ఇస్తామని పైసలు తీసుకోవడం బీమా వ్యాపారం, దానికి బీమా కంపెనీలను అదుపులో పెట్టే ఐఆర్‌డీఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ కావాలి, వంద కోట్ల మూలధనం కావాలి. మన దగ్గర పదిహేడు వేలున్నాయి. "సభ్యుల పరస్పర సాయం, నిధి ఉన్నంత మేరకే" అని రాసుకోండి. పక్క వాడవాళ్లు వచ్చి మమ్మల్నీ చేర్చుకోండి అంటే వాళ్ల డబ్బా వాళ్లనే పెట్టుకోమనండి. డబ్బు బ్యాంకులో, ఇద్దరి సంతకాలతో, రాత్రిపూట అవసరానికి మూడు వేలు మాత్రం ఒకరింట్లో. ఆ ఒకరు ఊళ్లో ఎప్పుడూ ఉండే మనిషై ఉండాలి, మా దగ్గర ఒకసారి పెట్టె తాళం పెళ్లికి మంచిర్యాల వెళ్లింది.

చివరిది కార్డుల సంగతి, ఇక్కడ అందరూ తికమక పడతారు. ఆరోగ్యశ్రీ 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది, మహారాష్ట్ర కూడా ఆ దారిలోనే 2012 జులైలో జీవన్‌దాయీ యోజన తెచ్చింది, తొలి ఎనిమిది జిల్లాల్లో మన గడ్చిరోలి, నాందేడ్ ఉన్నాయి. 2017లో దాని పేరు మహాత్మా ఫులే జన ఆరోగ్య యోజన అయింది. అయినా మహారాష్ట్ర రేషన్ కార్డు చూపిస్తే వరంగల్‌లో ఆరోగ్యశ్రీ రాదు. అక్కడ పనికొచ్చేది కేంద్రం పథకం ఆయుష్మాన్ కార్డు, అదీ జాబితాలో ఉన్న ఆసుపత్రి అయితేనే, అదీ అడ్మిట్ అయితేనే. బయల్దేరే ముందే ఆయుష్మాన్ హెల్ప్‌లైన్ 14555కు ఫోన్ చేసి ఆసుపత్రి పేరు చెప్పి అడగండి. కార్డు మీద పేరు, ఆధార్ మీద పేరు ఒకటేనా అన్నది మాత్రం జబ్బు రాకముందే చూసుకోవాలి, ఎందుకంటే మరాఠీలో రాసిన మన ఇంటిపేర్లు ఒక్కో కాగితం మీద ఒక్కో రకంగా ఉంటాయి. మేం నిధి మీటింగ్ రోజునే అందరి కార్డులూ పక్కపక్కన పెట్టి చూశాం, 58 ఇళ్లలో 19 ఇళ్లకు తేడా వచ్చింది. మీరూ ఆ రోజే తెమ్మనండి, జిరాక్స్ ఒకటి డబ్బాలో పెట్టండి.