జేజినాయన (తాత) ఊరు వెతుక్కుంటూ వెళ్లాలంటే ఎలా? చిత్తూరు, తిరుపతి వైపు మూలాలున్నవాళ్లకు

పోయిన దసరాకు బెంగళూరు నుంచి వచ్చిన మా పెదనాయన మనవడు, "చిన్నాయనా, అసలు మన ఊరు ఏది?" అని అడిగినాడు. ఇంట్లో అందరూ కార్వేటినగరం పక్కన ఒక పల్లె పేరు చెబుతారు గానీ, అక్కడ మాకు సెంటు భూమి లేదు, తెలిసిన మనిషీ లేడు. వాడూ నేనూ వెతకడానికి దిగి రెండు నెలలు దండగ చేసుకున్నాం. మాలాగా తిరక్కుండా ఉండాలంటే పని ఈ వరసలో చేయండి.

ముందు ఇంట్లో పెద్దవాళ్లతో కూర్చోండి

"మన వంశం గురించి చెప్పవ్వా" అంటే ఎవరూ చెప్పరు. "ఏముంది నాయనా, సేద్యం చేసుకుని బతికినాం" అంటారు, అంతే. చిన్న చిన్న ప్రశ్నలు వేయాలి. పుట్టెంట్రుకలు ఎక్కడ తీయించేవాళ్లు? ఇలవేల్పుకు పొంగలి ఎక్కడ పెట్టేవాళ్లు? పెండ్లిపత్రిక మొదట ఏ గుడిలో పెడతాం? మా అవ్వకు ఊరి దారి గుర్తులేదు గానీ, "చెరువుకట్ట కింద ఏడు రాళ్లు, వాటికే మన పొంగలి" అన్న మాట మాత్రం మరిచిపోలేదు. చివరికి మాకు అన్నిటికన్నా పనికొచ్చింది అదే.

పెద్దవాళ్లు తేదీలు చెప్పరు, సంవత్సరం పేరు చెబుతారు. రక్తాక్షి అంటే 1924 గానీ 1984 గానీ. అరవై ఏళ్లకొకసారి అదే పేరు వస్తుంది కాబట్టి, ఎవరి గురించి చెబుతున్నారో వాళ్ల వయసును బట్టి ఏదో తేల్చుకోవాలి. "ధాత కరువుకు వలసొచ్చినారు" అంటే అది 1876లో మొదలైన కరువు. పక్క జిల్లాల నుంచి మీవాళ్లు ఆ కాలంలో వచ్చి ఉంటే, ఇప్పుడున్న ఊరు అసలు ఊరు కాకపోవచ్చు.

ఆ ఏడు మీ ఊరు ఏ జిల్లాలో ఉందో చూసుకోండి

మేము పొరబడింది ఇక్కడే. 1911 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లానే లేదు. చిత్తూరు, చంద్రగిరి ఉత్తర ఆర్కాటు కింద ఉండేవి, మదనపల్లె కడప కింద. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, సత్యవేడు వైపు పల్లెలు మనకొచ్చినాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చినాయి. 2022లో తిరుపతి వేరే జిల్లా అయింది. ఇప్పుడు పుత్తూరు తిరుపతి జిల్లాలో, దాని పక్కనే ఉన్న కార్వేటినగరం చిత్తూరు జిల్లాలో ఉన్నాయి. మేము పాత దస్తావేజు కోసం ఒక ఆఫీసుకు మూడుసార్లు పోతే, నాలుగోసారి "ఆ పుస్తకాలు ఇక్కడికి రాలేదు సార్" అన్నారు. ఒక కాగితం మీద ఏళ్లు, వాటి పక్కన జిల్లా, తాలూకా, ఫిర్కా (తాలూకాలో కొన్ని ఊళ్ల గుంపు) రాసుకుని బయల్దేరండి.

కాగితాలు

1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లు ఆన్‌లైన్ ఈసీలో (ఆస్తి లావాదేవీల పత్రం) దొరుకుతాయి. అంతకు ముందువైతే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో అర్జీ పెట్టి పాత పుస్తకాల్లో వెతికించుకోవాలి. రెవెన్యూ వైపు అడగాల్సింది ఆర్‌ఎస్‌ఆర్. అంటే రీసెటిల్మెంటు రిజిస్టరు, పాత భూమి లెక్కల పుస్తకం. సర్వే నంబరు తెలిస్తే అప్పటి పట్టాదారు పేరు అందులో కనిపిస్తుంది. కార్వేటినగరం లాంటి జమీను ఊళ్లయితే, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత జరిగిన సెటిల్‌మెంటు రికార్డు అడగండి. మీవాళ్లకు గుడి మాన్యమో, వృత్తి ఇనామో (చేసే పనికి ఇచ్చిన భూమి) ఉండి ఉంటే మీ పంట పండినట్టే. 1860ల నాటి ఇనాం రిజిస్టర్లలో మాన్యం ఎవరికిచ్చారు, అప్పటికి ఎవరు అనుభవిస్తున్నారు, ఆయనకు ఈయన ఏమవుతాడు అన్నది కూడా రాసి ఉంటుంది. ఉత్తర ఆర్కాటు నాటి రికార్డులకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు పోవాలి. క్రైస్తవ కుటుంబాలైతే పాత చర్చిల బాప్తిస్మ పుస్తకాలు చూడాలి. అమెరికన్ ఆర్కాటు మిషన్ చిత్తూరు, మదనపల్లె, పలమనేరు వైపు బాగా పనిచేసింది.

కాగితం మీద "ఫసలీ 1320" అని ఉంటే బెదిరిపోవద్దు, ఫసలీ అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం. 590 కలపండి, 1910 వస్తుంది. ఫసలీ జూలైలో మొదలవుతుంది కాబట్టి అది 1910 జూలై నుంచి 1911 జూన్ వరకు. ఇంకో చిక్కు పేర్లతో వస్తుంది. మనవైపు తాత పేరు మనవడికి పెడతారు. మునిసామి కొడుకు చెంగయ్య, చెంగయ్య కొడుకు మళ్లీ మునిసామి. పేరు ఒక్కటే చూసి ముత్తాత దొరికినాడనుకోకండి. సర్వే నంబరూ ఫసలీ రెండూ కుదరాలి.

ఊరికి పోయే రోజు

పొద్దున ఏడుకల్లా ఊళ్లో ఉండండి. పది దాటితే అందరూ చేలల్లో ఉంటారు. పోగానే ఫోను తీసి ఫొటోలు కొట్టకండి, రచ్చబండ దగ్గర కాసేపు కూర్చోండి. వాళ్లే అడుగుతారు. మమ్మల్ని ఒక ముసలామె "ఎవురి పిల్లోళ్లు సామీ మీరు?" అనింది. ఇంటిపేరు చెప్పినాం, తెలియదనింది. ఏడు రాళ్ల మాట ఎత్తితే మాత్రం, "అక్కదేవతలా? రాండి" అని కర్ర పట్టుకుని తానే ముందు నడిచింది. చెరువుకట్ట కింద, వేపచెట్టు మొదట్లో, పసుపు పట్టి జానెడేసి రాళ్లు. లెక్కపెడితే ఆరే. ఏడోది చెట్టు వేర్లలో కలిసిపోయిందంట.

అలాగే ఊరి చివర కత్తి, విల్లు పట్టుకున్న మనిషి చెక్కిన బండ కనిపిస్తే అది వీరగల్లు, పోరులో చచ్చిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి. ఈ జిల్లాల్లో ఇవి చాలా ఉన్నాయి, పశువుల కోసం పోరాడి చచ్చిపోయినవాళ్లవి కొన్ని. మీద అక్షరాలుంటే సుద్ద రుద్దొద్దు, నూనె పూయొద్దు. పొద్దునో సాయంత్రమో ఏటవాలుగా ఎండ పడేటప్పుడు ఫొటో తీస్తే గీతలు వాటంతట అవే తేలతాయి.

దారిలో చూసేవి

ఎక్కువ పెట్టుకోకండి, రోజుకు రెండు చాలు. కార్వేటినగరంలో వేణుగోపాలస్వామి గుడి, కోనేరు చూడండి. పదకర్త సారంగపాణి ఉన్న సంస్థానం అది. చంద్రగిరి రాజమహల్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఏర్పేడు దగ్గర గుడిమల్లం శివలింగం క్రీస్తుకు పూర్వం నాటిదని పండితులు చెబుతారు. నన్నడిగితే ముందు అక్కడికే పొమ్మంటాను.

తిరిగి వచ్చేటప్పుడు ఊళ్లో ఇద్దరికైనా మీ ఇంటిపేరు, తాత పేరు, ఫోన్ నంబరు కాగితం మీద రాసి ఇవ్వండి. ఫోన్లో నంబరు ఎక్కించి వస్తే సెట్టు మారినప్పుడు పోతుంది. మా కాగితం ఆ ముసలామె కొంగున కట్టుకుంది. మూడు వారాలకు ఆమె కోడలు ఫోన్ చేసి, "మీ ఇంటిపేరోళ్లు ఒకింటోళ్లు తిరుత్తణి పక్కన ఉండారంట, నంబరు రాసుకోండి" అనింది.