నెల్లూరు నుంచి సతోపంత్‌కి: 7,000 మీటర్ల హిమాలయ శిఖరం ఎక్కడానికి ఎలా సిద్ధం కావాలి?

మా అమ్మకు మొదటిసారి చెప్పినప్పుడు, "యాడికి పోతుండావు నాయనా, తిరుమల కొండ చాలదా నీకు?" అంది. నవ్వేశాను గానీ, తర్వాత లెక్క వేస్తే ఆ మాటలోనే అసలు సంగతి ఉంది. నెల్లూరు ఊరు సముద్రమట్టానికి దాదాపు 20 మీటర్ల ఎత్తులో ఉంది. తిరుమల 850 మీటర్ల పైచిలుకు. నేను ఎక్కుతానన్న, ఉత్తరాఖండ్ హిమాలయాల్లోని సతోపంత్ శిఖరం 7,075 మీటర్లు. అంటే ఎనిమిది తిరుమలలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత.

ఆ మొదటి ప్రయత్నంలో ఆఫీసులో 18 రోజుల సెలవు దొరికింది. అంతలోనే వెళ్ళొద్దామనుకున్నాను. మొదటి క్యాంపులో, 5,300 మీటర్ల దగ్గర, తలనొప్పితో వాంతులు చేసుకుని తిరిగొచ్చాను. కాళ్ళలో సత్తువ ఉంది, చేతిలో డబ్బు ఉంది, లేనివి రోజులే. సముద్రం పక్కన పుట్టిపెరిగిన మనకు ఆ కొరత అందరికంటే ఎక్కువ. అందుకే కింద చెప్పేదాంట్లో సగం క్యాలెండర్ గురించే ఉంటుంది.

1. ముందు ఏ శిఖరమో తేల్చుకోండి

ఎక్కడం అనగానే అందరి నోటా ఎవరెస్టే. 8,848.86 మీటర్లు. నేపాల్ ప్రభుత్వం 2025 సెప్టెంబరు నుంచి వసంతకాలపు పర్మిట్ ఫీజును 11,000 డాలర్ల నుంచి 15,000 డాలర్లకు పెంచింది. అది అనుమతి కాగితానికి మాత్రమే. షెర్పాలు, ఆక్సిజన్, తిండి, ప్రయాణం అన్నీ వేరే. ఆస్తి అమ్మి ఎవరెస్టుకు వెళ్ళేముందు మన దేశంలోనే ఒక 7,000 మీటర్ల శిఖరం ఎక్కి చూసుకోండి.

లడఖ్‌లో నున్ (7,135 మీటర్లు) ఉంది, ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్‌లో సతోపంత్ ఉంది. నేను సతోపంత్ వైపు మొగ్గడానికి కారణం గంగోత్రి. చార్‌ధామ్ యాత్రకు మన జిల్లా నుంచి బస్సులకు బస్సులు వెళ్తాయి కాబట్టి ఇంట్లోవాళ్ళకు ఆ పేరు కొత్త కాదు. రోడ్డు గుడి దాకా ఉంటుంది, నడక అక్కడ మొదలవుతుంది. ఇంకో మాట: బదరీనాథ్ దగ్గర మానా ఊరి నుంచి వెళ్ళే సతోపంత్ తాల్ ట్రెక్ వేరు, ఈ శిఖరం వేరు. ఒకే పేరు చూసి పొరపాటున ట్రెక్ బుక్ చేసుకోకండి.

2. కోర్సు చేయకుండా వెళ్ళొద్దు

నెల్లూరులో కొండలెక్కడం గురించి మాట్లాడితే మల్లి మస్తాన్ బాబు పేరు రాకుండా ఉండదు. మన జిల్లాలోని గాంధీ జనసంఘం ఊరివాడు. 2006లో ఏడు ఖండాల్లోని అత్యున్నత శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. కుర్రాళ్ళు ఆ 172 ఒక్కటే గుర్తుపెట్టుకుంటారు. దాని వెనక ఏళ్ళ తరబడి కొండల్లో తిరిగిన అనుభవం ఉంది. అంత అనుభవం ఉన్నవాడు కూడా 2015లో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా వెళ్ళి తిరిగిరాలేదు.

ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్ (1965లో పెట్టారు), డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ (1954), మనాలీ, పహల్‌గామ్ సంస్థలు బేసిక్ కోర్సు నడుపుతాయి. దాదాపు నాలుగు వారాలు. తాడు ముళ్ళు, జుమార్‌తో (తాడు మీద పైకి మాత్రమే జరిగే పట్టు) ఎక్కడం, మంచులో జారితే ఐస్ యాక్స్‌తో (మంచు గొడ్డలి) ఆగడం, మంచు పగుళ్ళలో పడ్డవాణ్ణి పైకి లాగడం అక్కడ నేర్పుతారు. ఇందులో ఎ గ్రేడ్ వస్తేనే అడ్వాన్స్ కోర్సుకు తీసుకుంటారు. సీట్లు చాలా ముందే నిండిపోతాయి, అందువల్ల కనీసం ఏడాది ముందు దరఖాస్తు పెట్టండి.

కోర్సు అంటే క్షేమం అని కూడా అనుకోకండి. 2022 అక్టోబరు 4న ద్రౌపదీ కా దండా శిఖరం దగ్గర మంచు చరియలు విరిగిపడి ఉత్తరకాశీ సంస్థ బృందంలో 25 మందికి పైగా చనిపోయారు.

కోర్సు తర్వాత ఒక 6,000 మీటర్ల శిఖరం, ఆ తర్వాతే సతోపంత్. ఈ వరుసకు రెండేళ్ళు పడుతుంది. తొందరపడి మధ్యలో మెట్టు దాటేసినవాళ్ళు పైన టీమ్ మొత్తానికి భారమవుతారు.

3. రోజుల లెక్క వేయండి

ఎత్తు పెరిగేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. 5,500 మీటర్ల దగ్గర అది సముద్రమట్టంలో ఉన్నదాంట్లో సగమే. ఒంటికి అలవాటు కావడానికి టైమ్ కావాలి. ఇందులో జిమ్ బాడీ, మారథాన్ మెడల్ ఏమీ పనికిరావు. ఫిట్‌గా ఉన్న కుర్రాళ్ళూ దెబ్బతింటారు, ఎందుకంటే చాలామందికి మెల్లగా నడవడం చేతకాదు.

పాటించాల్సిన సూత్రం ఇది. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకు 300 నుంచి 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి అక్కడే ఆగిపోవాలి. పగలు పైకి వెళ్ళి సామాను పెట్టి, రాత్రికి కిందికి దిగి పడుకోవాలి. కొన్నిచోట్ల క్యాంపుల మధ్య ఎత్తు ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. అలాంటి చోట రెండో రాత్రి కూడా ఉండాలి. గంగోత్రి (సుమారు 3,100 మీటర్లు), భోజ్‌బాసా (3,800), నందన్‌వన్ (4,300), బేస్ క్యాంపు పెట్టే వాసుకీ తాల్ (దాదాపు 4,900) వరసగా వస్తాయి.

నేను రెండోసారి వేసుకున్న లెక్క చెబుతాను. జీటీ ఎక్స్‌ప్రెస్ నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఆగుతుంది, ఢిల్లీ చేరడానికి 2 రోజులు పెట్టుకోండి. ఢిల్లీలో కాగితాల పనికి 1, ఉత్తరకాశీ చేరి కూరగాయలు, గ్యాసు కొనడానికి 2, గంగోత్రిలో 2, భోజ్‌బాసాలో 2, నందన్‌వన్‌లో 2. పన్నెండో రోజుకు బేస్ క్యాంపు. కొండ మీద 13 రోజులు. వాతావరణం చెడితే వాడుకోవడానికి 4. తిరుగు ప్రయాణానికి 6. మొత్తం 34 రోజులు. ఆఫీసులో అడిగేటప్పుడు 36 అడగండి, బేరంలో రెండు పోతాయి.

ఆ నాలుగు అదనపు రోజులు ఎవరు తగ్గించమన్నా ఒప్పుకోకండి. కొండ మీద మబ్బు పట్టడం ఒక్కటే కాదు, రోడ్డు కూడా పోవచ్చు. 2025 ఆగస్టు 5న ధరాలీలో వచ్చిన మెరుపు వరదతో గంగోత్రి దారి తెగిపోయింది. వానాకాలం తప్పించి మే, జూన్ మొదటి వారాలు గానీ, సెప్టెంబరు గానీ ఎంచుకుంటే మంచిది.

4. టీమ్, అనుమతులు

ఢిల్లీలోని ఇండియన్ మౌంటెనీరింగ్ ఫౌండేషన్ దగ్గర శిఖరం బుక్ చేసుకోవాలి. సభ్యుల కోర్సు సర్టిఫికెట్లు, మెడికల్ ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ సాధారణంగా అడుగుతారు. దారి గంగోత్రి నేషనల్ పార్కులోంచి వెళ్తుంది కాబట్టి అటవీశాఖ అనుమతి కూడా కావాలి. ఎక్కువమంది ఒక ఏజెన్సీకి అప్పగిస్తారు, తప్పేమీ లేదు. కానీ వంటమనిషి, పైక్యాంపులకు సామాను మోసే పోర్టర్లు, ఫిక్స్‌డ్ రోప్ (కొండకు ముందే బిగించి పెట్టే తాడు) ఎన్ని మీటర్లు, డాక్టరు ఉంటాడా లేదా, ఇవన్నీ రాతపూర్వకంగా తీసుకోండి. "అన్నీ చూసుకుంటాం సార్" అన్న మాట కాగితం మీద కనపడకపోతే దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

మామూలు ఆరోగ్య బీమా పర్వతారోహణను తరచూ మినహాయిస్తుంది. పాలసీలో ఎంత ఎత్తు వరకు వర్తిస్తుంది, హెలికాప్టర్ ఖర్చు వస్తుందా అని చదవండి. ఇంకో పెద్ద జాగ్రత్త: మన దేశంలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ వాడటం నేరం. అమెరికాలో ఉన్న బంధువు పంపిన చిన్న శాటిలైట్ మెసేజ్ పరికరానికీ ఇదే వర్తిస్తుంది. సరదాగా బ్యాగులో వేసుకుని పోలీస్ స్టేషన్‌లో కూర్చోకండి.

5. మన దగ్గరే శిక్షణ

ఎత్తు మన దగ్గర లేదు, ఎండ మాత్రం ఉంది. తెల్లవారుజామున నాలుగున్నరకే మొదలుపెట్టాలి. ఆరునెలలు చాలు, వారంలో ఐదు రోజులు.

మొదటి రెండు నెలలు మైపాడు బీచ్‌లోనో కొత్తపట్నంలోనో ఇసుకలో నడక, మెల్లటి పరుగు. పక్కవాడితో మాట్లాడగలిగే వేగం దాటొద్దు. తర్వాత బరువు. బ్యాగులో పది కేజీలతో మొదలుపెట్టి 18 దాకా పెంచండి. అందరూ బియ్యం మూట పెడతారు, నేను నీళ్ళ సీసాలు పెట్టుకుంటాను. మోకాళ్ళు గట్టిపడే దాకా నీళ్ళు పైన పారబోసి ఖాళీగా దిగొచ్చు. చివరి రెండు నెలల్లో మాత్రం ఆ బరువుతోనే దిగండి. సతోపంత్‌లో ఒళ్ళు అలిసిపోయాక చేయాల్సిందంతా దిగడమే.

కొండ కావాలంటే ఉదయగిరి దుర్గం ఉంది, దాదాపు 3,000 అడుగులు. వరస శని ఆదివారాల్లో ఎక్కండి, రెండో రోజు అలిసిన కాళ్ళతో ఎక్కడమే అసలు ప్రాక్టీసు. నెలకోసారి అలిపిరి 3,550 మెట్లు. "వీపున అంత బరువు మొక్కుకున్నావా నాయనా?" అని ఒక పెద్దావిడ అడిగింది. అవునన్నాను. దండం పెట్టింది, నాకే సిగ్గేసింది.

6. సామాను

రెండు పొరల బూట్లు, క్రాంపాన్లు (బూట్ల కింద తగిలించే ఇనుప ముళ్ళు), ఐస్ యాక్స్, హార్నెస్ (తాడు తగిలించడానికి నడుముకు కట్టే పట్టీ), జుమార్, హెల్మెట్, మైనస్ 20 డిగ్రీలు తట్టుకునే స్లీపింగ్ బ్యాగు, ఈకల జాకెట్. ఇనుప సామాను, టెంట్లు ఉత్తరకాశీలోనో ఢిల్లీలోనో అద్దెకు దొరుకుతాయి. బూట్లు, గ్లోవ్స్, కళ్ళద్దాలు మాత్రం సొంతవి ఉండాలి. బూటు ఒక సైజు పెద్దది తీసుకోండి, దిగేటప్పుడు వేళ్ళు ముందుకు గుద్దుకుని గోళ్ళు నల్లబడతాయి. కళ్ళద్దాలు పక్కలు కూడా మూసి ఉండాలి. మంచు మీద ఎండకు ఒక్క మధ్యాహ్నంలోనే కళ్ళు మంటలెత్తి కనపడకుండా పోతాయి.

7. తిండి

బేస్ క్యాంపులో నీళ్ళు సుమారు 84 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కర్ లేకుండా వండితే మొలగొలుకులైనా సరే పలుకులుగానే ఉంటాయి, పప్పు అసలు ఉడకదు. అందుకే కుక్కర్ మోయాల్సిందే. పైక్యాంపుల్లో ఆకలి చచ్చిపోతుంది, తీపి చూస్తే కడుపులో తిప్పుతుంది. ఏజెన్సీ ఇచ్చే చాక్లెట్లు అలాగే తిరిగొస్తాయి. అప్పుడు మా టీమ్‌లో హిమాచల్ వాళ్ళు కూడా అడిగి తీసుకున్నది ఇంటినుంచి తెచ్చిన కారప్పొడి. సూప్‌లో చెంచాడు కలిపితే తాగాలనిపిస్తుంది. నెయ్యి ఎక్కువున్న స్వీట్లు చలికి రాయైపోతాయి, వేరుశనగ చిక్కీ పరవాలేదు. నీళ్ళు రోజుకు మూడు నాలుగు లీటర్లు తాగాలి. పైన ఆ నీళ్ళు మంచు కరిగించి చేసుకోవాలి, దానికే రెండు గంటలు పోతుంది.

8. డాక్టరు, ఇల్లు

గుండె, బీపీ, షుగర్, హిమోగ్లోబిన్ పరీక్షలతో పాటు పళ్ళు చూపించుకోండి. పుచ్చుపన్ను పైన ఒత్తిడి తేడాకు ప్రాణం తీస్తుంది. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర వాడాలా వద్దా, ఎంత అన్నది డాక్టరే చెప్పాలి. సల్ఫా మందులు పడకపోతే ముందే చెప్పండి. తలనొప్పి, వికారం వస్తే అక్కడే ఆగాలి. నడకలో తూలినా, మాట తడబడినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా రాత్రయినా సరే కిందికి దింపాలి. మాత్ర వేసి తెల్లవారేదాకా చూద్దాం అనకూడదు.

ఇంట్లో ఒక్కరినే ఎంచుకుని కబుర్లన్నీ వాళ్ళకే చేరేలా చూడండి. గంగోత్రి దాటాక పది పన్నెండు రోజులు ఫోన్ రాకపోవడం మామూలేనని ముందే చెప్పండి. మా ఇంట్లో ఆ పని బావకు అప్పగించాను. అమ్మకు టెన్షన్ తగ్గలేదు గానీ, ఆఫీసుకు ఫోన్లు రావడం తగ్గాయి.

9. శిఖరం రోజు

మొదటి, రెండో క్యాంపుల మధ్య కత్తి అంచులాంటి మంచు గట్టు ఉంది. రెండు వైపులా లోయ. అక్కడ తాడుకు క్లిప్ మార్చేటప్పుడు ఒకటి తగిలించాకే రెండోది తీయాలి. ఈ అలవాటు కోర్సులోనే చేతికి రావాలి, అక్కడ నేర్చుకునే వీలుండదు.

ఆఖరి క్యాంపు నుంచి అర్ధరాత్రి దాటాక బయల్దేరతారు. ఎన్ని గంటలకు ఎక్కడున్నా వెనక్కి తిరగాలో బేస్ క్యాంపులోనే, బుర్ర సరిగ్గా పనిచేస్తున్నప్పుడే, అందరి ముందూ రాసుకోండి. మేం ఉదయం 11 అని రాసుకున్నాం. 10:50కి శిఖరం 200 మీటర్లు పైన కనపడుతోంది. లీడర్ వాచీ చూపించాడు, తిరిగాం. మధ్యాహ్నం రెండింటికి ఆ గట్టు మీద తెల్లటి మబ్బు కమ్మేసింది. అప్పటికి మేం దాన్ని దాటేశాం.

తిరిగొచ్చాక

చెత్త అంతా కిందికి తెచ్చి అప్పగించాలి, ఫౌండేషన్‌కు రిపోర్టు పంపాలి. గ్యాసు క్యాన్లు మిగిలితే అక్కడే ఇచ్చేయండి, విమానంలోకి రానివ్వరు. ఇల్లు చేరిన రోజే స్లీపింగ్ బ్యాగు, ఈకల జాకెట్ నీడలో ఆరబెట్టి, చిన్న సంచిలో కుక్కకుండా పెద్ద బట్ట సంచిలో వదులుగా వేలాడదీయండి. మన తేమకు నెలలోపే బూజు పడుతుంది. నాది ఒకటి అలాగే పోయింది. ఇప్పుడు వాడుతున్నది రెండోది, వచ్చే సెప్టెంబరుకు పనికొస్తుంది.