అమ్మోనియం తర్వాతి మాట చదివాకే బస్తా ఎత్తండి

మృగశిర కార్తె దగ్గరపడితే మన వరంగల్ పల్లెల్లో పిండి (ఎరువు) బస్తాల టెన్షన్ మొదలవుతుంది. 2025 వానాకాలంలో యూరియా కోసం చెప్పులు లైన్లో పెట్టి ఎదురుచూసిన రోజులు ఎవరం మరిచిపోలేదు. అట్లాంటి కరువులో ఎవరైనా "అమ్మోనియా (అమ్మోనియం ఎరువు) ఉంది, తక్కువకే ఇస్తా" అంటే ప్రాణం లేచి వస్తుంది. అయినా ఆగండి. బస్తా మీద అమ్మోనియం తర్వాత ఏముందో చదవండి.

సల్ఫేట్ అని ఉంటే ఎరువు. అందులో నత్రజని 20.5 శాతం, గంధకం 23 శాతం. ఉత్త అమ్మోనియం నైట్రేట్ అని ఉంటే అది కంకర క్వారీల్లో, ఓపెన్‌కాస్ట్ గనుల్లో బండలు పేల్చడానికి వాడే సరుకు. 45 శాతానికి మించి అది ఉన్న మిశ్రమాన్ని కేంద్రం 2011లో పేలుడు పదార్థంగా ప్రకటించింది. 2012 నిబంధనల ప్రకారం లైసెన్స్ లేకుండా నిల్వ చేయకూడదు. 2020 ఆగస్టు 4న బీరూట్ రేవులో పేలింది ఇదే, దాదాపు 2,750 టన్నులు. రెండు వందల మందికి పైగా పోయారు.

రెండూ తెల్లగానే ఉంటాయి. కంటితో తేల్చుకోవాలని చూడకండి, నాలుక మీద అసలే వేసుకోవద్దు. లైసెన్స్ ఉన్న దుకాణంలోనే కొని, బిల్లు మీద పూర్తి పేరు రాయించుకోండి. పేరు లేని సంచి, క్వారీ నుంచి వచ్చిన సంచి ఇంటికి తేవద్దు. ఇప్పటికే ఇంట్లో ఉంటే దగ్గర బీడీ ముట్టించకండి, డీజిల్ డబ్బాలు అటు పెట్టకండి, కాల్చకండి, చెరువులో పారబోయకండి. కదిలించకుండా పోలీసులకు చెప్పండి. భయపడి దాచుకుంటే పిల్లలున్న ఇంటికే ముప్పు.

ఇక సల్ఫేట్ చల్లేవాళ్లు లెక్క చూసుకోండి. 50 కిలోల బస్తాలో నత్రజని పది కిలోలే. 45 కిలోల యూరియా బస్తాకు సమానం కావాలంటే రెండు బస్తాలు పడతాయి. సున్నం, బూడిదతో కలపొద్దు. కలిపితే అమ్మోనియా వాయువు ఘాటుగా లేచి కళ్లు మండుతాయి, పైరుకు అందాల్సిన నత్రజని గాలిపాలవుతుంది. తడి చేతులతో కాకుండా గ్లౌజులతో చల్లండి.

చెరువు కింద ఎప్పుడూ నీళ్లు నిలిచే మడుల్లో ఇంకో సంగతి గమనించాలి. వరి వేర్లు నల్లబడి, కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే గంధకం విషవాయువుగా మారుతున్నట్టు. నీళ్లు తీసేసి మడి ఆరనివ్వండి. వేర్లు మళ్లీ తెల్లగా వచ్చేదాకా సల్ఫేట్ వేయకండి.